ఆ తారీఖున మొగుడు ఊళ్ళో లేడు

తెల్లారేలోగా సుధ చేయాల్సినవి: స్కాన్ ఫిల్ములు కవర్లో పెట్టడం, ఫ్లాస్కులో గంజి పోయడం, అమ్మకు నడుంనొప్పి మాత్ర ఇవ్వడం, నిండు చూలాలైన వదిన సుజాతకు ఉతికిన చీర తీయడం, పెనుకొండలో మొదటి బస్సు పట్టడం. ఇంట్లో డిగ్రీ చదివింది తానొక్కతే. ఆసుపత్రి పనులన్నీ ఆమె నెత్తినే.

"సదువుకున్నదానివి, ఆడ నువ్వే మాట్లాడల్ల" అని అమ్మ జయలక్ష్మమ్మ ముందే చెప్పి పెట్టింది.

హిందూపురం నర్సింగ్ హోమ్‌లో డాక్టరమ్మ తల ఎత్తలేదు. "డేటు దాటిపోయింది. సాయంత్రం ఆపరేషన్ చేసేద్దాం. అడ్మిట్ అవ్వండి."

"ఇంకా టైముండాది మేడమ్" అంది సుజాత. "నాకు నెలనెలా రాదు, నెలన్నరకోసారి. మొదుట్లోనే చెప్తి."

"ఆఖరి నెలసరి నుంచే లెక్క. లెక్క లెక్కే."

సుధ ఇంకోసారి వివరించింది. డాక్టరమ్మ కాన్పు తేదీ లెక్కగట్టే గుండ్రటి అట్టముక్కను తిప్పి చూపించింది. సుధకు ఒళ్ళు మండింది. అట్టముక్కకు తెలిసింది మోసే మనిషికి తెలీదా?

సుజాతకు ఓపిక చచ్చింది. "మీ లెక్క నిజమైతే, కడుపు నిలిచినప్పుడు నా మొగుడు ఊళ్ళోనే ల్యాడు మేడమ్! గొర్రెలు తోలుకోని కర్నూలు పక్క పోయిండె. ఉగాదికి గదా వచ్చింది! మా అత్త ఈడే ఉండాది, అడగండి."

బెంచీల మీది ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జయలక్ష్మమ్మ ముఖం కందగడ్డైంది. ఆ కోపం కోడలి మీద కాదు.

"ఏమ్మా డాక్టరమ్మా, మా ఇంటి బిడ్డ ఎవురికి పుడతాడంటావు? గొర్రె ఎప్పుడు చూలు కట్టిందో మేం చెప్తే పశువుల డాక్టరు సరే అంటాడు. గొర్రెకున్న ఇలువ గూడా మా కోడలికి ల్యాదా?"

"రిస్కు మీదే. సంతకం పెట్టి పొండి."

సుధ చెయ్యి ఆగింది. ఏమన్నా అయితే చదువుకున్నదాని మీదే పడుతుంది. "గెట్టిగా తెలుసు గదా వదినా?"

"నా కడుపు గదా సుధా."

సుధ సంతకం పెట్టేసింది.

సుజాత పుట్టిల్లు ధర్మవరం. ఆ మధ్యాహ్నమే అక్కడికి పోయారు. ఆసుపత్రిలో వెంకటక్క అనే పెద్ద నర్సు వాళ్ళ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. సుధ నోరు తెరవబోతే, "ఉండు పాపా, ముందు ఆయమ్మను చెప్పనీ" అంది. సుజాత చెప్పింది: నెలసరి తీరు, ఉగాది, బిడ్డ మొదట ఎప్పుడు కదిలిందీ. వెంకటక్క అంతా విని, బిడ్డ గుండె చప్పుడూ విని, డాక్టరును పిలిచింది. ఆయన మళ్ళీ స్కాన్ తీయించి, "ఉమ్మనీరు బాగుంది, బిడ్డా బాగుంది. ఆమె చెప్పిన లెక్కే నమ్ముదాం. రెండు రోజులకోసారి వచ్చి చూపించుకోండి" అన్నాడు.

"ఇంతేనా?" అంది సుధ, ఏడుపొచ్చేంత కోపంతో. ఈ నాలుగు మాటలు వినే చెవి కోసం ఇన్ని ఊళ్ళు తిరగాలా!

"ఇంతే పాపా. అడిగితే చెప్తారు" అంది వెంకటక్క.

సుజాత తన లెక్క ప్రకారం రావాల్సిన వారంలోనే నొప్పులు పడి, కోత లేకుండా ఆడపిల్లను కనింది. "ముక్కు అచ్చం నాయనదే!" అని జయలక్ష్మమ్మ వార్డంతా వినబడేట్టు అరిచింది.

మీరూ ఎప్పుడో ఒకరిని ఆసుపత్రికి తీసుకుపోతారు. వాళ్ళ బదులు మీరే మాట్లాడబోతారు. అప్పుడు, దయచేసి, వెంకటక్కను ఒక్కసారి గుర్తు చేసుకోండి.