ఒక్క ముక్క కూడా రావట్లేదు

బట్టలుతికే మిషన్లు అమ్మే కంపెనీ అది. మిషన్ ఆగిపోయినవాళ్లూ, చొక్కా చిరిగినవాళ్లూ, వంటింట్లో వరద వచ్చినవాళ్లూ ఫోన్ చేసి తిడుతుంటే వినడమే ఆమె ఉద్యోగం. ఎవరెంత తిట్టినా ఆమె గొంతు పెరగదు. అందుకని ఆఫీసులో అందరూ ఓపికమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు.

ఆఫీసు ఎత్తేసి ఎవరిళ్లలో వాళ్లను పనిచేసుకోమన్నాక అన్నీ మారాయి గానీ ఒక పద్ధతి మాత్రం మిగిలింది. ప్రతివాళ్లకూ ఒక జోడీ ఉంటుంది. పెద్ద మీటింగుకు ముందు జోడీలిద్దరూ విడిగా కాల్ పెట్టుకుని ఒకరి గొంతు ఒకరు సరిచూసుకోవాలి. ఎవరి మైకైనా మొరాయిస్తే వాళ్ల తరఫున జోడీయే మాట్లాడాలి. ఓపికమ్మ జోడీ ఒకప్పుడు ఆఫీసులో ఆమె పక్క కుర్చీలో కూర్చునేది. ఆ కుర్చీ ఏ గోడౌన్లో పడి ఉందో తెలియదు గానీ, ఓపికమ్మకు ఆవిడ ఇప్పటికీ పక్కసీటే.

ఆ రోజు మీటింగులో ఓపికమ్మ పెద్దమేడం ముందు మాట్లాడాలి. కొత్తగా చేరేవాళ్లకు తిట్లు వినడం నేర్పడానికి ఒక మనిషిని ఎంచుకుంటున్నారు. ఓపికమ్మకు ఆ పని కావాలి. చచ్చేంత కావాలి. ఇన్నేళ్లు తిట్లు తిన్న చెవులకు కాస్త మర్యాద దక్కాలన్నది ఆమె పంతం. స్లైడ్లు తనే తయారుచేసుకుంది. గిన్నెలు తోముతూ చదివింది, బట్టలు ఆరేస్తూ చదివింది. విని విని అత్తగారికి కూడా సగం కంఠతా వచ్చేసింది.

మీటింగు ఇంకాసేపట్లో ఉందనగా పక్కసీటుకు కాల్ పెట్టింది.

"ఏమే, వినపడుతోందా?"

అవతల ఉలుకూ పలుకూ లేదు. నెట్ సరిగా లేదని పక్కసీటు కెమెరా కూడా పెట్టలేదు. కాసేపటికి గొంతు వచ్చింది. "పెదాలు కదులుతున్నాయి గానీ, ఒక్క ముక్క కూడా రావట్లేదే."

ఓపికమ్మ హెడ్‌ఫోన్ తీగ పీకి మళ్లీ గుచ్చింది. రాలేదంది పక్కసీటు. ఇంకో రంధ్రంలో గుచ్చింది. ఊహూ. తీగ మీదున్న చిన్న బటన్ పొరపాటున నొక్కుకుందేమోనని చూసింది. లేదు. మైకులోకి ఉఫ్ ఉఫ్ మని ఊదింది, దుమ్ము పట్టిందేమోనని. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చివరికి కంప్యూటర్ ఆపి, మళ్లీ పెట్టి, దేవుడా అనుకుంటూ కాల్‌లోకి వచ్చింది.

"హలో, హలో!"

"లేదే, ఏమీ లేదు."

విచిత్రమేమిటంటే, సెట్టింగుల్లో మైకు పక్కన ఒక పచ్చగీత ఉంది. ఓపికమ్మ హలో అన్నప్పుడల్లా అది ఎగిరెగిరి పడుతోంది. 'గీత కదులుతోందే' అని చాట్‌లో రాసి పంపింది.

"గీతదేముంది, నీ దగ్గర కదులుతుంది. నాకు వినపడాలిగా!" అంది పక్కసీటు.

అదీ నిజమే అనుకుంది ఓపికమ్మ. పచ్చగీత ఒకటి చెబుతోంది, స్నేహితురాలు ఇంకొకటి చెబుతోంది. తన బుద్ధికి తోచినట్టు స్నేహితురాలినే నమ్మింది.

కిటికీ దగ్గర కూర్చుని పాత కోటు కుట్లు విప్పుతున్న అత్తగారు తలెత్తారు. ఆవిడ చూపు తగ్గేదాకా టైలరుగా బతికిన మనిషి. చేతిలో కత్తెర లేకపోతే ఆవిడకు తోచదు.

"ఏమ్మాయ్, ఏడుపు మొహం పెట్టావు?"

"మైకు చచ్చిపోయింది అత్తయ్యా. ఇవాళే చావాలా ఇది!"

"మరిప్పుడెలా?"

"ఏం కాదులెండి, పక్కసీటుంది. మా అమ్మ పోయినప్పుడు నేను ఏడుస్తూ కూర్చుంటే నా కాల్స్ కూడా అదే ఎత్తింది, ఎవరికీ చెప్పకుండా. నాకు తోడబుట్టినదానికంటే ఎక్కువ అత్తయ్యా అది. అది ఉండగా నాకు అన్యాయం జరగదు."

కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. పక్కసీటు మెల్లగా అంది. "ఊహూ. ఇంకా ఏమీ రావట్లేదు."

అత్తగారు దారప్పోగు ఒకటి లాగుతూ నవ్వారు. "తిట్లు వినడానికి ఇంత చదువెందుకే? నా కొట్టుకు ఆడవాళ్లు కుట్టిన బట్ట ఊపుకుంటూ వచ్చి దులిపేసేవాళ్లు. నేను ముందు ఆ బట్ట చేతిలోంచి తీసుకుని నా ఒళ్లో పెట్టుకునేదాన్ని. ఇక వచ్చినావిడ దేన్ని ఊపుతుంది? కూర్చుని మాట్లాడేది."

"భలే ఉంది అత్తయ్యా! ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అడిగావు గనకనా?"

ఇది స్లైడ్లలో పెట్టుకోవాల్సింది అనుకుంది ఓపికమ్మ. ఇక టైము లేదు. పక్కసీటు తొందరపెడుతోంది. "ఆ స్లైడ్లు నాకు పంపేయవే, నీ బదులు నేను చెప్తా. నువ్వు మాత్రం మైకు ఆపేసుకుని కూర్చో. మధ్యలో గరగరమంటే మేడంకి చిరాకు."

ఓపికమ్మ పంపేసింది. 'నీ రుణం తీర్చుకోలేనే' అని కూడా రాసింది.

మీటింగు మొదలైంది. ఓపికమ్మ మైకు సరిగా లేదని పక్కసీటు ముందే చెప్పేసింది. పెద్దమేడం అయ్యో అన్నారు. తెర మీదకి మొదటి స్లైడ్ వచ్చింది. కింద ఉండాల్సిన ఓపికమ్మ పేరు లేదు. కంగారులో చెరిగిపోయిందేమో, చివర్లో చెబుతుందిలే అని సర్దిచెప్పుకుంది. "నేను గమనించిందేంటంటే మేడం" అని మొదలుపెట్టింది పక్కసీటు. మాటవరసకు అలా అంటారులే అనుకుంది. స్లైడ్ మారింది. "నా పద్ధతిలో" అంది. అయినా ఓపికమ్మ ఇంకా దాన్ని వెనకేసుకొస్తూనే ఉంది, మనసు అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా!

"మా ఇంట్లో ఒక పెద్దావిడ టైలరు లెండి" అని నవ్వింది పక్కసీటు. "ఎవరైనా తిట్టడానికొస్తే ముందు ఆ బట్ట తీసుకుని ఒళ్లో పెట్టుకునేవారట. ఊపడానికి చేతిలో ఏమీ లేక వచ్చినావిడే కూర్చునేదట. కంప్లయింటు కూడా అంతే మేడం, ముందు మన ఒళ్లోకి తీసుకోవాలి."

"చాలా బావుంది!" అన్నారు పెద్దమేడం.

కిటికీ దగ్గర కత్తెర ఆగింది.

"అమ్మాయ్, అది నేను ఇందాక చెప్పిందే కదా? దానికి చెప్పావా?"

"లేదత్తయ్యా."

"మరి నీ మైకు చచ్చిందన్నావు?"

పచ్చగీత ఎందుకు ఎగిరిందో ఓపికమ్మకు ఇప్పుడర్థమైంది. తాను తీగలు పీకుతున్నప్పుడూ, వెర్రిదానిలా ఊదుతున్నప్పుడూ, దేవుడా అన్నప్పుడూ అవతల అన్నీ వినపడుతూనే ఉన్నాయి. పక్కసీటు అడిగితే ఆ స్లైడ్లు ఊరికే ఇచ్చేసేదే. నాకీ పని కావాలే అని ఒక్క మాట అని ఉంటే పక్కకు తప్పుకునేదేమో కూడా.

ఓపికమ్మ మైకు తెరిచింది. "మేడం, నా గొంతు వినపడుతోందా?"

"గంట కొట్టినట్టు వినపడుతోంది. నీ మైకు పాడైందన్నారే?"

"నేనూ అలాగే అనుకున్నాను మేడం. ఆ టైలరు మా అత్తగారు. ఇక్కడే ఉన్నారు. ఆ మాట ఇందాక ఈ గదిలో అన్నారు, అప్పుడు లైన్లో పక్కసీటు ఒక్కతే ఉంది. ఆ స్లైడ్లు నావి."

"నెట్ కొంచెం..." అని ఏదో మొదలుపెట్టి పక్కసీటు ఆగిపోయింది.

"మొదటి స్లైడ్ నుంచి నువ్వే చెప్పమ్మా" అన్నారు పెద్దమేడం, గొంతు మారిపోయి. "మిగతాది నేను తర్వాత చూసుకుంటాను."

"చెప్తాను మేడం. ముందు ఒక్కటి అడగాలి." ఓపికమ్మ గొంతు ఈసారి కూడా పెరగలేదు. "ఏమే, నిన్ను తోడబుట్టినదానికంటే ఎక్కువ అన్నాను. అది కూడా వినపడిందా?"

మీటింగులో ఉన్నవాళ్లందరూ ఎదురుచూశారు. అత్తగారు కూడా కోటు పక్కన పెట్టి చూస్తున్నారు.

"వినపడింది" అంది చివరికి.

ఓపికమ్మ కళ్లు తుడుచుకుని మొదటి స్లైడ్ తెరిచింది.