న్యూట్రల్‌కి నంబరా?

మా అల్లుడుగారు లైబ్రరీలో పుస్తకాల వీపుల మీద నంబర్లు అంటిస్తారు. మంచి ఉద్యోగమే. అక్కడ పుస్తకాలు అయిపోయినట్టున్నాయి, మా ఇంటి కరెంటు తీగల మీద పడ్డారు.

ఇరవై రెండేళ్ల క్రితం ఈ ఇంటికి వైరింగు చేసింది నేనే. నలభై ఏళ్లు అదే పనిలో చేతులు కాల్చుకున్నవాణ్ణి. ఇప్పుడు లైట్ల బోర్డు పాతదైపోయింది, మార్చాలన్నారాయన. సరే అన్నాను. కొత్త బోర్డులో కింది గదులకొకటి, పై గదులకొకటి లీకేజీ బ్రేకర్లు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్లో తిరిగి రాకపోతే అవి టక్కున పడిపోతాయి. అందుకని కింది లైట్ల న్యూట్రల్ తీగలు ఒక ఇత్తడి పట్టీకి, పైవి ఇంకో పట్టీకి బిగించాలి. ఐదు నిమిషాల్లో తేలే ముక్క. అల్లుడుగారు పదకొండు రోజులు తీసుకున్నారు. ప్లాను గీశారు, రంగులు పూశారు, ప్రతి న్యూట్రల్‌కీ దాని ఫేజు నంబరే ఇచ్చారు, ఆపైన కాగితానికి ప్లాస్టిక్ కవరు తొడిగారు. పిల్లని బడిలో వెయ్యడానికి కూడా ఇంత హడావుడి చెయ్యరు.

"న్యూట్రల్‌కి నంబరేంటి అల్లుడుగారూ? అన్నీ పోయేది ఒక్కచోటికే కదా" అన్నాను.

"ఏది దేనిదో తెలియాలి కదండీ మామయ్యగారూ."

"నేను లాగిన తీగ ఏదో నాకు తెలియదూ? కళ్లు మూసుకుని చెప్తాను."

మా అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు ఎవరి పక్షమో అంతుపట్టలేదు. నాకు కావలసింది ఒక్కటే, ఈ ఇంట్లో కరెంటు విషయంలో ఆఖరి మాట నాది కావాలి. వంటింట్లో నా మాట ఎప్పుడో చెల్లకుండా పోయింది. టీవీ రిమోటు కూడా పోయింది. మిగిలింది ఈ పెట్టె ఒక్కటే.

ఆయన కాగితం చదువుతుంటే నేను బిగించాను. స్క్రూ తిప్పడం కాగితానికి చేతకాదు కదా! మధ్యలో ఒకసారి గొణిగారు. "పైనుంచి ఫేజులు నాలుగొచ్చాయి, న్యూట్రల్స్ మూడే వచ్చాయండీ."

"లెక్క మీకు తప్పి ఉంటుంది" అన్నాను. లైబ్రరీ మనిషికి కాక లెక్క నాకు తప్పుతుందా!

బోర్డు ఆన్ చేశాం. గదుల్లో లైట్లన్నీ వెలిగాయి. అమ్మాయి మేడమీంచి దిగుతూ మెట్ల లైటు వేసింది. టక్. పై బ్రేకరు పడింది, దాని వెనకే కిందిదీ పడింది. మళ్లీ ఎత్తాం, మళ్లీ పడ్డాయి.

నా ఆనందం చెప్పకూడదు గానీ, కడుపు నిండిపోయింది.

"ఈ టక్కుకి మీ కాగితంలో నంబరెంత అల్లుడుగారూ?"

పాపం, ఆయన కాగితం తిరగేసి వెనక వైపు కూడా చూశారు.

ఇక పెద్దరికం చేతిలోకి తీసుకున్నాను. ఈ కొత్త బ్రేకర్లకి అనుమానపు జబ్బు అని తేల్చేశాను. మెయిన్ ఆపి, పై బ్రేకరుని పక్కకి తప్పించి తీగలు నేరుగా కలిపేశాను. మెయిన్ వేశాను. పై గదుల లైట్లు బుద్ధిగా వెలిగాయి. మెట్ల బల్బు మాత్రం స్విచ్చి వేసే ఉన్నా వెలగలేదు. నేను పట్టించుకోలేదు.

"ఇప్పుడు కింది పట్టీలో మూడో నంబరు, హాలు న్యూట్రల్, అది వదులుగా ఉంది. కాగితం పక్కన పెట్టి ఆ తీగ పీకి మళ్లీ బిగించండి."

"మెయిన్ ఆపొద్దాండీ?"

"కింది బ్రేకరు పడే ఉందిగా! పైగా న్యూట్రల్. న్యూట్రల్‌కి భయపడే మగవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

ఆయన ముఖం ఎర్రబడింది. చెయ్యి చాపారు.

"ఆగండి!"

అమ్మాయి ఒక్క అంగలో వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు నా పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డ పిల్ల. నా పాత టెస్టరు తీసుకుని మూడో నంబరు స్క్రూ మీద ఆనించింది.

టెస్టరు ఎర్రగా వెలిగింది.

వెళ్లి మెట్ల లైటు స్విచ్చి ఆపి వచ్చింది. మళ్లీ ఆనించింది. వెలగలేదు.

"టెస్టరుతో చూడకుండా న్యూట్రల్‌ని కూడా ముట్టుకోకూడదని చెప్పింది నువ్వే కదా నాన్నా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఇల్లు కట్టిన రోజుల్లో మెట్ల లైటుకి ఫేజు పైనుంచి తెచ్చాను, న్యూట్రల్‌కి తీగ చాల్లేదు. కొత్త లైను వెయ్యాలంటే అప్పుడే పూత పూసిన గోడ పగలగొట్టాలి. బద్ధకించాను. కింది హాలు బల్బు న్యూట్రల్ జానెడు దూరంలో ఉంది, దాంట్లో కలిపేశాను. అన్నీ పోయేది ఒక్కచోటికే కదా అని ఆ రోజూ అనుకున్నాను. ఇప్పుడు కింది బ్రేకరు పడి ఉంది కాబట్టి, పై ఫేజు మెట్ల బల్బులోంచి వచ్చి, పోయే దారి లేక ఆ తీగలోనే కాచుక్కూర్చుంది. ఆయన్ని కాపాడాల్సిన బ్రేకరుని కూడా పది నిమిషాల క్రితం నేనే తప్పించాను. నా కూతురి కాపురం నా చేత్తోనే కూల్చేసేవాణ్ణి.

మెయిన్ ఆపి మెట్టు మీద కూలబడి, జరిగిందంతా చెప్పాను. ఆయన కాగితం నా ముందు పెట్టారు. పై పట్టీలో నాలుగో గడి, మెట్ల లైటుది, నాకోసం ఖాళీగా ఉంది.

ముందు పై బ్రేకరుని దాని చోట బిగించాను. తర్వాత ఉలీ సుత్తీ తెచ్చుకుని, ఇరవై రెండేళ్ల క్రితం పగలగొట్టని గోడ ముందు నిలబడ్డాను.

"ఎక్కణ్ణుంచి కొట్టమంటారు అల్లుడుగారూ?" అని అడిగాను.