అడుగుకి పావంగుళం

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం ఇంక మూడు రోజులుందనగా, సత్యరాజు చేసిన పెట్టెలో స్పీకరు పట్టలేదు.

పట్టలేదంటే దూరలేదని కాదు. స్పీకరు వెళ్లి కన్నం మీద బుద్ధిగానే కూర్చుంది. ఒక బోల్టు దిగింది. దానికి ఎదురు బోల్టు దిగలేదు. చెక్కకున్న రంధ్రం ఒకచోట, స్పీకరు చట్రానికున్న రంధ్రం ఇంకోచోట. సరే, ఇది తర్వాత చూద్దామని చిన్న పెట్టెలోకి యాంప్లిఫయరు తోస్తే, తండ్రి చెప్పుల్లో కాళ్లు పెట్టిన చంటిపిల్లలా అది అటూ ఇటూ జారిపోయింది.

"నువ్వు కొలత తప్పు రాసావు," అన్నాడు సత్యరాజు.

అతని కూతురు జెన్నీ నెత్తి పట్టుకుని గడప మీద కూర్చుండిపోయింది.

ఆ పిల్ల కష్టం తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. భిలాయ్ క్యాంప్ 2 తెలుగు చర్చిలో జెన్నీ ఏడేళ్లుగా గిటార్ వాయిస్తోంది. పక్కన ఉత్త ఢోలకూ హార్మోనియమూ ఉన్నన్నాళ్లూ ఆ గిటార్ వెనక బెంచీ దాకా వినబడేది. పోయిన క్రిస్మస్‌కి అదే చర్చి కుర్రాడు ఇమ్మాను కీబోర్డు కొన్నాడు. ఒక మీట నొక్కితే డ్రమ్ములు, ఇంకోటి నొక్కితే వేణువులు, అన్నీ వాడొక్కడి చేతి కిందే. ఆ రోజు నుంచి జెన్నీ గిటార్ జనానికి కనిపించడమే గాని వినిపించడం మానేసింది. "దీదీ, నువ్వు వాయిస్తున్నావా, యాక్టింగా?" అని వాడే అడిగాడు. వాడిది వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు. అదే ఇంకా మండింది.

పాస్టరు అయ్యగారు తగువులంటే పడని మనిషి. "మట్టల ఆదివారం చూద్దామమ్మా. గిటార్ వినబడితే ఈస్టరుకి నువ్వూ ఉంటావు. లేకపోతే కీబోర్డు ఒక్కటే వెళుతుంది," అని తేల్చేశాడు. ఈస్టరు నాడు భిలాయ్‌లోని తెలుగు చర్చిలన్నీ తెల్లవారకముందే ఒకే మైదానంలో చేరతాయి. నాలుగేళ్లుగా అక్కడ వాయిస్తున్న జెన్నీకి, ఈసారి ఆడవాళ్ల వరసలో కూర్చుని చప్పట్లు కొట్టడమన్న ఊహే కారం పూసినట్టుంది.

పవర్ హౌస్ బజారులో మైకుసెట్ల రాజగోపాల్ దగ్గర పాత గిటార్ యాంప్లిఫయరు ఒకటి పడి ఉంది. ఎప్పుడో విడిపోయిన బ్యాండు వాళ్లది. దాని చెక్క పెట్టెల్ని చెదలు తినేశాయి, లోపలి సరంజామా బాగుంది. రెండు స్పీకర్లకీ కాగితం మాత్రం చిరిగింది. "కొత్త కాగితం వేసి ఇస్తాను. పెట్టెలు మీరే చేయించుకోండి," అన్నాడతను.

ఏ వీధి వడ్రంగికిచ్చినా రెండు రోజుల పని. తల్లి డైసీ ఆ మాటే అంది. అప్పటికి ఆరు నెలల క్రితం ఉక్కు ప్లాంటులో స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంట్లో కుర్చీలు బాగుచేస్తూ కూర్చున్న సత్యరాజు చెవిన ఆ మాట పడనే పడింది.

"ఇంట్లో నన్నెట్టుకుని బయటోడికిస్తారేటి? ఇరవై ఎనిమిదేళ్లు ప్యాటర్న్ షాపులో చేసినోణ్ణి!"

అంతటితో వడ్రంగి సంగతి ముగిసింది. జెన్నీ కష్టం మొదలైంది.

ప్యాటర్న్ షాపంటే, ఉక్కుతో ఏ వస్తువు పోత పోయాలన్నా ముందు దాని నమూనా కర్రతో చేసే చోటు. ఆ కర్ర నమూనాని ఇసుకలో అదిమి తీస్తే అచ్చు పడుతుంది, ఆ అచ్చులో కరిగిన ఉక్కు పోస్తారు. అరచేతిలో పట్టే కప్పీ దగ్గర్నుంచి గదిలో పట్టని గేరుపెట్టె దాకా సత్యరాజు చేతి మీదుగా వెళ్లినవే. విరమణ రోజున షాపు వాళ్లు కప్పిన శాలువాని డైసీకి ఇచ్చేశాడు. ఇరవై ఎనిమిదేళ్లు వాడిన రెండడుగుల ఉక్కు స్కేలుని మాత్రం నూనెగుడ్డలో చుట్టి తలగడ కింద పెట్టుకున్నాడు.

డ్రాయింగు లేనిదే ఆ చెయ్యి కదలదు. జెన్నీ అమ్మ జాకెట్లు కుట్టే టేపు పట్టుకెళ్లి, రాజగోపాల్ దుకాణంలో స్పీకర్లనీ యాంప్లిఫయరునీ కొలిచి కాగితం మీద రాసుకొచ్చింది. సత్యరాజు కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"ఇది డ్రాయింగేటే? కిరాణా చీటీలాగుంది. ముందునుంచి ఎలగుంతాదో ఒక బొమ్మ, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. బాణం గుర్తులెట్టి కొలతలెయ్యి."

"నాన్నా, డబ్బా హై. నాలుగు పలకల డబ్బా!"

"డబ్బాయే. మా షాపులో డ్రాయింగుకి నూలుపోగంత తేడా వచ్చినా వస్తువు గేటు దాటదు, తెలుసా? దాన్ని వాడుకునే సెక్షనోళ్లు 'ఈ తేడా మాకు పర్లేదు' అని డీవియేషన్ కాయితం రాసి సంతకం పెడితేనే బయటికెళ్తాది."

మూడుసార్లు గీయించాడు. దానికి 'జె-1' అని నంబరు కూడా వేయించాడు. ఆ తర్వాత ప్లైవుడ్ తెచ్చి, కొత్త గాలికి అలవాటు పడాలని వారం రోజులు గోడకి చేరవేశాడు. రెండో వారమంతా మూలలు గుండ్రంగా చిత్రిక పట్టాడు.

"మూల వాడిగా ఉంటే ఇసుక విరిగిపోద్దమ్మా."

"ఇందులో ఇసుకెక్కడుంది నాన్నా?"

సత్యరాజు చిత్రిక ఆపకుండానే, "అందంగానూ ఉంతాది," అన్నాడు.

మూడో వారం రంగు. జెన్నీ నల్లరంగు అడిగింది. ప్యాటర్న్ షాపులో నమూనాలకి ఏ రంగు వేస్తారో ఆ ఎరుపే వేశాడు. డైసీ వంటింట్లోంచి వచ్చి, రంగు వాసనకి పైట చెంగు ముక్కుకి అడ్డం పట్టుకుని, చుట్టూ తిరిగి చూసింది.

"బాగుందండీ. ఇసుక పోసి గోడకి తగిలిస్తే ఫైర్ బకెట్టే."

పలకకీ పలకకీ మధ్య సన్నటి సందైనా లేదు, మూత వేస్తే గాలి కూడా ఆలోచించి దూరాలి. అంత బాగా చేశాడు. సరిగ్గా అప్పుడే, గురువారం సాయంత్రం, రాజగోపాల్ ఆటోలో సామాను పంపించాడు. పెట్టెలో పెట్టిందేదీ పట్టలేదు.

"నువ్వు కొలత తప్పు రాసావు," అన్నాడు సత్యరాజు మళ్లీ.

జెన్నీ లేచి టేపు తెచ్చింది. స్పీకరు మీద ఎదురెదురు రంధ్రాల మధ్య పెట్టింది. "పదకొండు అంగుళాల ఐదు గీతలు. కాగితంలో ఏముంది? పదకొండు అంగుళాల ఐదు గీతలు. ఔర్ క్యా?"

సత్యరాజు స్కేలు తెచ్చాడు. అదే స్పీకరు మీద అవే రంధ్రాల మధ్య ఆనించి, కళ్లజోడు సవరించుకుని, జడ్జీలా చదివాడు. "పదకొండుమ్మీద మూడు గీతలు, కొంచెం ఎక్కువ. చూసుకో. నువ్వు రాసింది ఐదు."

యాంప్లిఫయరు కొలిచాడు. జెన్నీ ఇరవై అని రాసింది. స్కేలు పందొమ్మిదిన్నర దాటి ఆగిపోయింది.

"ఇదీ తప్పే. ఏటమ్మా, బీకాం చదివి అంగుళాలు లెక్కెట్టలేవా?"

జెన్నీకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ రెండింటి మధ్య ఒక అనుమానం కూడా వచ్చింది. నిజంగా తప్పు తనదేనేమో? రాజగోపాల్ దుకాణంలో చీకటిగా ఉండింది. మూడుసార్లు గీసినప్పుడు ఎక్కడైనా అంకె మారిందేమో. శుక్రవారం తాను పనిచేసే కంప్యూటర్ సెంటర్లో కూర్చుని రోజంతా అదే ఆలోచించింది. వచ్చేటప్పుడు పక్కింటి పిల్ల దగ్గర ప్లాస్టిక్ స్కేలు అడిగి తెచ్చింది. దాంతో కొలిచినా ఐదు గీతలే.

"ప్లాస్టిక్కు ఎండకి వంగిపోద్ది," అన్నాడు సత్యరాజు.

"మరి అమ్మ టేపో?"

"అది సాగిపోయింది. పదేళ్లనుంచి లాగుతోంది కదేటి మీ అమ్మ."

"నా టేపు జోలికి రాకండి," అంది లోపల్నుంచి డైసీ. "ఆ టేపుతో కుట్టిన జాకెట్టు ఒక్కటి తిరిగొచ్చిందేమో అడగండి క్యాంపంతా!"

జెన్నీ ఇంక వాదించలేదు. తండ్రి స్కేలుని నేలమీద పెట్టింది. దాని పక్కన అమ్మ టేపుని పరిచింది. రెండు సున్నాలూ కలిపి, బొటనవేలితో నొక్కి పట్టుకుని, చూపుడువేలు రెండో చివరికి జరుపుకుంటూ వెళ్లింది. స్కేలు ఇరవై నాలుగు దగ్గర ఆగింది. పక్కన టేపు మీద ఇరవై నాలుగున్నర.

"చెప్పాను కదా, సాగిపోయింది."

"నాన్నా, ఆగు. ఏక్ మినిట్." జెన్నీ గొంతు నెమ్మదించింది. "టేపు సాగితే దాని గీతలు దూరం జరుగుతాయి. అప్పుడు నీ స్కేలు దాని మీద ఇరవై నాలుగు కన్నా తక్కువ చూపించాలి. ఎక్కువ చూపిస్తోంది."

సత్యరాజు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వంగి చూశాడు. లోపల్నుంచి డైసీ కుట్టుమిషను చప్పుడు ఆగింది. అతను స్కేలు చేతిలోకి తీసుకుని, సున్నా పక్కన తుప్పు పట్టిన చోట గోటితో గీకాడు. నూనెగుడ్డతో రుద్దాడు. మళ్లీ గీకాడు. తుప్పు కింద అరిగిపోయిన అక్షరాలు కొన్ని కనిపించాయి. చదవక్కర్లేదు, అవేమిటో అతనికి తెలుసు.

"అడుగుకి పావంగుళం," అన్నాడు చివరికి.

"ఏమిటది?"

"ఉక్కు చల్లారితే కుంచించుకుపోద్దమ్మా. అడుగుకి పావంగుళం. అందుకని నమూనా ఆ మేరకి పెద్దది చెయ్యాలి. ప్రతిసారీ లెక్కలెయ్యకుండా స్కేలు మీద అంగుళాలే పెద్దవిగా కొట్టిస్తారు. ఇది ఆ స్కేలు." స్కేలుని మళ్లీ గుడ్డలో చుట్టాడు. "మామూలు స్కేలు నాకు లేదు. ఇన్నేళ్లలో అవసరం రాలేదు. నేను చేసిందేదీ చేసిన సైజులో ఉండిపోడానికి చేసింది కాదు."

ఇంకొకరయితే అక్కడ జాలిపడేవారు. జెన్నీకి జాలిపడే తీరిక లేదు. మూడు వారాలు తన చేత బాణం గుర్తులు గీయించి, ఇసుక విరుగుతుందని మూలలు గుండ్రం చేసి, చల్లారి కుంచించుకుపోయే గిటార్ పెట్టె తయారుచేసి, పైగా బీకాం మీద మాట!

"ఇప్పుడేం చేద్దాం?"

"రెండు వారాలియ్యి. కొత్తవి చేసీస్తాను."

"ఎల్లుండి ఆదివారం!"

"ఆదివారమైతే అవనీ. తప్పు పని నా చేతినుంచి బయటికెళ్లదు." అని లేచి, రెండు పెట్టెల మీదా గోనెపట్టా కప్పేసి, దాని మీద తనే కూర్చున్నాడు.

జెన్నీ అరిచింది. బతిమాలింది. హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి మళ్లీ అరిచింది. "నాకు పెట్టె అందంగా అక్కర్లేదు, వినబడితే చాలు" అంది. ఆయన పట్టా మీద నుంచి లేవలేదు. డైసీ రెండుసార్లు వచ్చి అన్నానికి పిలిచింది. రెండోసారి, "ఆ పెట్టెల మీద జిగురు ఇంకా ఆరలేదా, లేవడం రావట్లేదు?" అంది. అయినా లేవలేదు.

అప్పుడు జెన్నీకి గుర్తొచ్చింది. లోపలికెళ్లి డ్రాయింగు తెచ్చింది. 'జె-1' కింద, పెన్నుతో, రాసుకుంటూ పైకి చదివింది.

"డీవియేషన్. రెండు పెట్టెలూ డ్రాయింగు కన్నా అడుగుకి పావంగుళం పెద్దవి. వాడుకునేవాళ్లకి ఈ తేడా పర్లేదు. వాడుకునేవాళ్ల సంతకం, కె. జెన్నీ." కాగితం ఆయన ముందు పెట్టింది. "ఇప్పుడు గేటు దాటుతుందా, దాటదా?"

సత్యరాజు ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు.

"తేదీ వెయ్యలేదు," అన్నాడు.

జెన్నీ పళ్లు కొరుకుతూ తేదీ వేసింది. ఆయన కింద తన సంతకం పెట్టి, పట్టా మీద నుంచి లేచాడు.

శనివారం పొద్దున్నుంచి పని నడిచింది. పాత రంధ్రాల్లో చెక్క బిరడాలు జిగురుతో దిగ్గొట్టి, అవి ఆరాక స్పీకరునే పెట్టి దాని రంధ్రాల్లోంచి పెన్సిలుతో గుర్తులు పెట్టి కొత్తవి వేశారు. ఈసారి ఏ స్కేలూ ముట్టుకోలేదు. యాంప్లిఫయరుకి రెండు పక్కలా సన్నటి చెక్క పట్టీలు కొట్టి, కదలకుండా పాత సైకిల్ ట్యూబు కోసి ఇరికించారు. బరమా పట్టుకున్నది జెన్నీ. "నిటారుగా పట్టు, నిటారుగా" అని పక్కన నిలబడి నూటపదహారుసార్లు చెప్పాడు తండ్రి.

ఆదివారం, కొత్తగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చిందని మధ్యప్రదేశ్ నంబరు చెరిపి సీజీ అని రంగుతో రాయించుకున్న ఆటోలో, ఆ రెండు ఎర్రపెట్టెలూ, గిటార్‌తో జెన్నీ, ఒళ్లో ఈతమట్టలతో డైసీ, వెనక సైకిలు మీద సత్యరాజు చర్చికి చేరారు. జనం మట్టలూపుతూ పాడుకుంటూ లోపలికొచ్చి కూర్చున్నారు. మొదటి పాటకి ఇమ్మాను మీట నొక్కాడు, డ్రమ్ములు లేచాయి. జెన్నీ తీగల మీద చెయ్యి వేసింది.

వినబడింది. వెనక బెంచీలో ఎవరిదో చంటిబిడ్డ ఏడుపు మానేసి తల తిప్పేంతగా వినబడింది. ఇమ్మాను కీబోర్డు మీద నుంచి తలెత్తి, "అరే దీదీ!" అన్నాడు.

రెండో చరణంలో ఎక్కడో జరజరమని చప్పుడు మొదలైంది. గిటార్ మంద్రంలోకి దిగినప్పుడల్లా జర్ర్. జెన్నీ వాయిస్తూనే మగవాళ్ల వైపు చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. సత్యరాజు అప్పటికే లేచి నిలబడ్డాడు. 'కూర్చో నాన్నా' అని కళ్లతో అరిచింది. అతను నేరుగా ముందుకొచ్చి, పెద్ద పెట్టె మీద అరచెయ్యి ఆనించి, తల వంచి విన్నాడు. పక్కపలక తట్టాడు. బిరడాలు తడిమాడు. ఆ తర్వాత పెట్టె మీదికి చూశాడు. సంఘపెద్ద ఎవరో ఎత్తుగా ఉంది కదా అని కానుకల పళ్లెం తెచ్చి దాని మీద పెట్టారు.

పళ్లెం తీశాడు. జర్రుమనడం ఆగింది. కానీ పళ్లెం ఎక్కడ పెట్టాలో తోచక, దాన్ని రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడి మిగతా పాటంతా విన్నాడు. ముందు వరసలో ఒకావిడ, ఇవాళ కానుకలు ముందే ఎత్తుతున్నారు కాబోలని, లేచి నోటు వేసింది. ఆమె వెనక ఇంకో నలుగురు లేచారు.

జెన్నీ కళ్లు మూసుకుని వాయించింది. కళ్లు తెరిచేసరికి అయ్యగారు ఇమ్మాను వైపు చేత్తో సైగ చేస్తున్నాడు, కాస్త తగ్గించు, కాస్త తగ్గించు అని.

ఆరాధనయ్యాక అయ్యగారు పెట్టె దగ్గరికొచ్చి, "ఈస్టరుకి ఇది కూడా ఎక్కించాలమ్మా బండి మీద," అన్నాడు. జెన్నీ నోరు తెరిచేలోగా సత్యరాజు అందుకున్నాడు.

"ఈస్టరుకింకా వారముంది కదండీ అయ్యగారూ. ఈలోగా దీన్ని విప్పి, సరైన కొలతకి..."

ఇంటికెళ్లగానే జెన్నీ చెప్పులు కూడా విప్పకుండా తండ్రి తలగడ కిందనుంచి స్కేలు తీసి, అమ్మ బీరువాలో చీరల అడుగున పెట్టి తాళం వేసింది. తాళంచెవి డైసీ చేతికిచ్చింది. డైసీ దాన్ని తాళిబొట్టు గొలుసుకి గుచ్చుకుని, ఏమీ ఎరగనట్టు కూర కలియబెట్టింది.