ఇంటిల్లిపాదికీ పంచిన మాత్రలు

మందుల షాపాయన ఇంట్లో ఎవరైనా తుమ్మితే చాలు, ఆయన జేబులోంచి యాంటీబయోటిక్ మాత్ర బయటికొచ్చేది. తల్లికి పంటినొప్పయినా అదే, తమ్ముడికి జలుబైనా అదే. డాక్టరు చీటీ ఊసే లేదు. తమ్ముడి భార్య ఒక్కతే వద్దనేది.

"వేడినీళ్లు తాగితే నాలుగు రోజుల్లో అదే పోతుంది బావగారూ."

"మా మరదలి మాట వింటే నా కొట్టుకి తాళమే!" అని ఆయన నలుగురిలో నవ్వేవాడు.

ఇప్పుడు తల్లి ఆసుపత్రి మంచం మీద ఉంది. ఆరు నెలల్లో ఇది నాలుగోసారి. మందు వాడినన్నాళ్లు విరేచనాలు కట్టడం, ఆపగానే తిరగబెట్టడం. "మళ్లీ పక్క పాడుచేశానురా, కసురుకోకు" అని ఆ పెద్దావిడ కొడుకును బతిమాలుతూంటే ఆయనకు తలెత్తబుద్ధి కాలేదు.

డాక్టరమ్మ దాచలేదు. "అన్నేసి మాత్రలకు పేగులో మంచి క్రిములు కూడా చచ్చిపోయాయి. పైరు పీకేసిన చేలో కలుపేగా మొలిచేది! మందు కొడితే కలుపు చస్తుంది, దాని గింజ మట్టిలో మిగులుతుంది. మళ్లీ పైరే నాటాలి."

"నారు ఎక్కడిదండీ?"

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలంలో ఉంది. పరీక్షించి, వడకట్టి, గొట్టంతో పెద్దపేగులోకి పంపుతాం. మంచి క్రిములు నిలదొక్కుకుంటే చెడ్డవాటికి చోటుండదు. చాలామందికి నయమవుతుంది."

దేవుణ్ణి తలవనిదే ముద్ద ముట్టని మనిషి, చెవులు మూసుకున్నాడు. తల్లి మూలుగు వినబడి మళ్లీ చేతులు దించాడు.

"ఇచ్చేవాళ్లు ఈమధ్య యాంటీబయోటిక్ వాడి ఉండకూడదు. మీ ఇంట్లో ఎవరున్నారు?"

తమ్ముడు గొణిగాడు. "మొన్న దగ్గుకి బలవంతాన మింగించావుగా అన్నయ్యా. వదినకీ ఇచ్చావు. నువ్వూ వేసుకున్నావు."

మిగిలింది ఒక్కతే. వరండాలో అత్తగారి దుప్పట్లు మడతపెడుతోంది. ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మాయీ... అమ్మ కోసం... నీ..."

"డాక్టరమ్మ చెప్పారు బావగారూ. రక్తమైతే అడిగేవారు కారా?" అని ఆమె నవ్వింది. "ఇన్నాళ్లూ మీరిచ్చింది వద్దన్నాను. ఇవాళ మీరడిగింది కాదంటానా?"

పరీక్షలన్నిటిలో ఆమె నెగ్గింది. చికిత్స జరిగిన వారానికి తల్లి పొద్దున్నే కొడుకును పిలిచి, "పక్క పొడిగానే ఉందిరా" అంది. ఆయన ఆ దుప్పటి మీద ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

మళ్లీ కొట్టు తెరిచిన రోజున మొదటి బేరం జలుబు మనిషిది. "ఎప్పుడూ ఇచ్చే మాత్రే ఇవ్వండి."

"చీటీ ఉందా?"

"ఇదేం కొత్త? ఏనాడూ అడగలేదే!"

"అడగకుండా ఇచ్చే, మా అమ్మను చావు దాకా తీసుకెళ్లాను బాబూ" అన్నాడాయన తలవంచి. "మా మరదల్ని అది అడగడానికి సిగ్గుతో చచ్చిపోయాను. నేను సిగ్గుపడాల్సింది ఆనాడు కాదు, అక్కర్లేని మందు దయ అనుకుని పంచిన ప్రతిరోజూ."