రెండోసారి ఎవరు చూశారు?

తెర మీద స్కాన్ పడగానే డాక్టరమ్మ గుర్తుపట్టింది. రోగి పేరు చెరిపేశారు గానీ, ఆ విరిగిన పక్కటెముకలు ఆమెకు కళ్లు మూసుకున్నా కనిపిస్తున్నాయి. నిచ్చెన మీంచి పడ్డ పెయింటరు. ఆ రాత్రి ఎమర్జెన్సీలో ఆ స్కాన్ చదివింది తనే. ఎముకలు విరిగాయని రాసింది. వాటి చాటునే, కడుపులో ఎడమ పక్కనుండే ప్లీహం చీలి ఉంది, అది చూడలేదు. మర్నాడు సాయంత్రం మనిషి కళ్లు తేలేస్తే హడావిడిగా కడుపు కోసి ప్లీహం తీసేశారు. బతికాడు.

రేపు విచారణ. ఆమెను ఎమర్జెన్సీలో ఉంచాలో, సాగనంపాలో అక్కడ తేలుతుంది. తేల్చేవాళ్లలో ఒకడు ఆ కడుపు కోసిన సర్జన్, ముందు వరసలోనే ఉన్నాడు. ఇంకొకడు ఇప్పుడు పాఠం చెబుతున్న స్కాన్ విభాగం పెద్ద. ఏటా డాక్టర్లందర్నీ పోగేసి ఎమర్జెన్సీ స్కాన్ల మీద పాఠాలు చెప్పడం ఆయనకు మహా సరదా.

"ఇదండీ మన వృత్తికి పట్టిన జబ్బు! ఒక దెబ్బ దొరకగానే కంటికి కడుపు నిండిపోతుంది, ఇంకోటి వెతకదు. ఈ స్కాన్ చదివిన మహాతల్లికి ఎముకలు దొరికాయి. చాలు, దులుపుకుని లేచింది."

హాలు గొల్లుమంది. ఎమర్జెన్సీలో స్కాన్లు చదివేవాళ్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే. తలలు వెనక్కి తిరిగాయి.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు చూపించినందుకు కాదు. తప్పు తనదే, దానికి తిండి సయించక ఏడ్చింది కూడా. కానీ ప్రమాదం కేసు స్కాన్ ఏదైనా మర్నాడు పొద్దున్నే విభాగం పెద్ద మళ్లీ చూడాలన్నది అక్కడి పద్ధతి. ఆయన చూశానని సంతకం పెట్టాడు. నిజంగా చూసి ఉంటే ఆ మనిషి సాయంత్రం దాకా లోపల్లోపల నెత్తురు కారుస్తూ పడి ఉండేవాడు కాదు. పాఠంలో ఆ ముక్క ఎక్కడా లేదు.

లేవబోతే పక్కనున్న ఆడబిడ్డ చెయ్యి పట్టుకు లాగింది. ఆవిడా ఆ ఆస్పత్రిలోనే పిల్లల డాక్టరు.

"కూర్చోవే తల్లీ. రేపు చెప్పుకుందువుగానిలే."

"రేపటికి ఏం మిగిల్చాడు వదినా? ఉరి ఇక్కడే బిగించేస్తుంటే!"

చెయ్యి విదిలించుకుని లేచింది.

"సార్, ఆ మహాతల్లిని నేనే."

నవ్వులు టక్కున ఆగాయి.

"నేను చూడలేదు. ఒప్పుకుంటున్నా. మరి రెండోసారి ఎవరు చూశారు?"

"ఇక్కడ ఎవర్నీ నిందించడం లేదమ్మా. నేర్చుకోవడానికే కదా..."

"నన్ను నవ్వులపాలు చేసేటప్పుడు ఏమైంది ఈ మాట? మీకు నా తప్పు దొరికింది, కడుపు నిండింది. ఇంకోటి వెతకరేం?"

"ప్రశ్నలు టీ తర్వాత."

"టీ ఎక్కడికీ పోదు. చెప్పండి."

సర్జన్ కుర్చీలో కదిలాడు. "అడిగినదానికి చెప్పవయ్యా. కోసింది నేను. నాకూ తెలియాలి."

పెద్ద తెర వైపు తిరిగాడు. "సంతకం... నాదే."

"స్కాన్ తెరిచారా?" అంది డాక్టరమ్మ.

"ఆ పూట ఈ పాఠానికి బొమ్మలు సిద్ధం చేసుకుంటూ..."

"తెరిచారా లేదా?"

"లేదు."

సర్జన్ పైకి లేచి, పెద్ద వంక చూశాడు.

"రేపు నువ్వు మా పక్కన కూర్చోకు. ఆ అమ్మాయి పక్కన కూర్చుని జవాబు చెప్పు."

"నా పక్కనా?" అంది డాక్టరమ్మ. "కుర్చీ కాస్త దూరంగా వేయించండి సార్."