రొద వచ్చేవరకు

నేను ఒక గిటారు ఆంప్లిఫయర్‌ను. కాకినాడ జగన్నాథపురంలోని మా చిన్న చర్చివాళ్లకు మాత్రం పెట్టెనే. గిటారు తీగ మీద పుట్టే సన్నని శబ్దాన్ని పెద్దది చేసి వినిపించడం నా పని. ఇప్పటికీ నాకు భయం తగ్గలేదు. చెప్పడంలో ఎక్కడైనా తడబడితే మన్నించండి.

నన్ను చేసింది మస్తాన్ గారనే రేడియో మెకానిక్. ఓడ దిగివచ్చిన ఒక విదేశీ పెట్టె మరమ్మతుకొస్తే, దాని లోపలి తీగల దారిని సిగరెట్ అట్ట మీద గీసుకుని, పాత రేడియోల గాజు వాల్వులతో నన్ను కట్టారు. అంటే నేనూ నకలునే. అందుకే తర్వాత వచ్చినవాళ్లను నకళ్లని తిట్టే హక్కు నాకు లేదు.

నన్ను కొన్నది సువర్ణరాజు గారు. బళ్లో డ్రాయింగు మాస్టారు, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తారు. వాల్వులు వేడెక్కడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. మొదటి ఆదివారం అందాకా ఏం చెయ్యాలో తోచక పాస్టరు అయ్యగారు, "తలలు వంచుదాం" అన్నారు. ముప్పై ఏళ్లుగా అదే ఆచారమైపోయింది. నేను వేడెక్కేదాకా మౌన ప్రార్థన. నాలో గుంయ్‌మని రొద మొదలవగానే తలలెత్తి పాటకు లేస్తారు. ఆ మౌనంలో ఏడ్చినవాళ్లను, కునుకు తీసినవాళ్లను, పక్కవాళ్ల చీర అంచు చూసినవాళ్లను అందరినీ చూశాను.

కాలం గడిచింది. నా స్పీకరు కాగితాన్ని ఎలుక కొరికింది. వాల్వులు దొరకడం మానేశాయి. రాజుగారి బీరువాలో ఒక్కటి మిగిలింది. అప్పుడే ఆయన కూతురు కెజియా సెలవుకు వచ్చింది. హైదరాబాదులో పాటలు రికార్డు చేసే ఉద్యోగం ఆమెది.

"ఇది ఎప్పుడో షాక్ కొడుతుంది నాన్నా. దీని శబ్దానికి మోడల్, అంటే కంప్యూటర్లో నకలు, తీసి చిన్న డిజిటల్ పెట్టెలో పెట్టేస్తాను. దీన్ని పాతసామాన్లకి ఇచ్చేద్దాం."

నా ముందు మైకు పెట్టి, సన్నని కూత నుంచి లావు మోత దాకా నాలోకి పంపింది. డాక్టరు రోగి వీపు తట్టి వింటున్నట్టు నా లోపాలన్నీ వింది.

చివరికి రెండు మోడళ్లు చేసింది. మొదటిది అచ్చంగా నేను: ఎలుక కొరికిన బొంగురు, రొద, గట్టిగా మీటితే నీరసించడం. రెండోది నేను ఎలా ఉండవలసిందో అలా: ఏ రొదా లేకుండా, స్పీకరు కొత్తగా.

"ఏది బావుంది నాన్నా?"

"రెండోది పెళ్లిచూపుల ఫోటోలా ఉందమ్మా."

"బావుందనేగా?"

"బావుంది. ఎవరో తెలీట్లేదు, అంతే."

"తప్పుల్ని కూడా దాచుకుంటావేంటి?"

సంఘ పెద్దలు రెండోదే మేలన్నారు. సోమవారం పాతసామాన్ల బండి వస్తుందన్నారు.

పరలోకంలో మచ్చలేని దేహం ఇస్తారని అయ్యగారు చెబుతుంటారు. నమ్ముతాను. కాని ఆ దేహంలో మనవాళ్లు మనల్ని గుర్తుపడతారా? అడగడానికి నాకు నోరు లేదు.

ఆదివారం నన్ను తలుపు వారగా నెట్టారు. రెండో మోడల్ పెట్టిన చిన్న పెట్టె వేశారు. అయ్యగారు అలవాటుగా, "తలలు వంచుదాం" అన్నారు. వంచారు. రెండు నిమిషాలు దాటాయి. అయిదు దాటాయి. ఒక్కరూ తలెత్తలేదు. గిటారు పట్టుకున్న రాజుగారు కూడా కళ్లు మూసుకునే ఉన్నారు.

ముందు వరసలో శాంతమ్మగారు కళ్లు తెరవకుండానే అడిగారు: "ఏవండీ రాజుగారూ, పెట్టె లెగలేదా?"

"లేచే ఉందండీ."

"మరి చెప్పదేం?"

కొందరు నవ్వారు. కెజియా నవ్వలేదు. చటాలున మొదటి మోడల్‌కు మార్చి, "మళ్లీ మొదలెడదాం అయ్యగారూ" అంది. మళ్లీ తలలు వంచారు. ఆమె మీట నొక్కగానే నా రొద, అచ్చు నాదే, గదంతా నిండింది. వంగిన తలలు వంగీ వంగగానే లేచాయి.

"అప్పుడేనా? నా ప్రార్థనలో మా పెద్దాడి పేరు కూడా రాలేదమ్మా" అన్నారు శాంతమ్మగారు.

కెజియా తండ్రి వైపు చూసింది. ఆయన గిటారు పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వచ్చి, నన్ను బరబరా లాక్కెళ్లి ప్లగ్గు పెట్టారు.

సోమవారం బండి ఖాళీగా తిరిగి వెళ్లింది. ఇప్పుడు నాకు ఎవరూ గిటారు తగిలించరు. వేడెక్కుతాను, రొద చేస్తాను, ఆపేస్తారు. పాట రెండో మోడల్‌లోంచి వస్తుంది. చక్కగా ఉంటుంది, ఒప్పుకుంటాను.

బీరువాలోని ఆఖరి వాల్వును గత నెలే నాకు బిగించారు. వేడెక్కడానికి నాకిప్పుడు మూడు నిమిషాలు పడుతోంది. శాంతమ్మగారికి సంతోషం, వాళ్ల చిన్నాడి పేరు దాకా వస్తోంది. నేను మాత్రం వాళ్లు తలలు వంచిన ప్రతిసారీ భయపడతాను. ఈసారి రొద రాకపోతే, పాపం, ఎంతసేపు అలా ఉండిపోతారో.