ఫిరంగి పడవలో పదకొండు మంది

జెస్లిన్ బస్సు దిగి, బేస్‌మెంట్‌లోని తన గదికి కాకుండా నేరుగా పైకి, ఇంటి ఓనర్ పీటర్ గారి దగ్గరికి వెళ్లింది.

ఆయన ముత్తాత కోరంగి రేవు నుంచి బర్మా వెళ్లి, 1885 యుద్ధంలో ఐరావతి నది మీద ఇంగ్లీషువాళ్ల ఫిరంగి పడవలో బొగ్గు వేస్తూ చనిపోయాడు. బర్మా వెళ్లడాన్ని అప్పట్లో ‘రంగం వెళ్లడం’ అనేవారు కాబట్టి, ఇంట్లో ఆయన్ని ‘రంగం తాత’ అని పిలిచేవారు. అసలు పేరు ఎవరికీ తెలియదు. తన కళ్లు పూర్తిగా పోయేలోపు ఆ పేరు కుటుంబ బైబిల్లో రాయాలని పీటర్ గారి పట్టుదల. ఆ పడవ కెప్టెన్ డైరీ ఒట్టావా లైబ్రరీలో ఉందని తెలిసి, హిస్టరీ స్టూడెంట్ జెస్లిన్‌ని పంపించారు.

“దొరికిందా అమ్మా?”

“ఫొటో తీశాను అంకుల్.”

“చదువు, రాసుకుంటా.”

ఏదో ఒక పేరు చెప్పేస్తే చాలు. ఆయన ఫోన్ చూసి చదవలేరు. కానీ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“బాయిలర్ పేలింది. లెఫ్టినెంట్ హార్‌గ్రోవ్ పోయాడు. కెప్టెన్ కుక్క టోబీ పోయింది. ఇంకా...”

“ఊఁ, ఇంకా?”

“కోరంగి కూలీలు పదకొండు మంది. అంతే అంకుల్. పేర్లు రాయలేదు.”

పీటర్ గారు పెన్ను మూత పెట్టారు.

“కుక్కకి రాశాడా?”

“రాశాడు.”

“మరి ఆ పదకొండులో మావాడు ఎన్నోవాడమ్మా?”

జెస్లిన్ ఆయన చెయ్యి పట్టుకుంది.